మేస్త్రీకి, పొగగొట్టం పక్కనుంచి

రౌండ్ రాక్, టెక్సస్
ఆదివారం తెల్లవారుజాము 2 గంటలు

ప్రియమైన మేస్త్రీ,

నీ ఉత్తరం అంది ఐదు నెలలు దాటింది. ఇంత ఆలస్యానికి ముందుగా క్షమించమని అడుగుతున్నాను. రాయకూడదని కాదు, రాయవలసిన సంగతి పూర్తి కాకుండా రాయడం ఇష్టంలేక ఆగాను. ఇంట్లో అందరూ కులాసా. పెద్దది కాలేజీలో చేరింది, చిన్నవాడికి కళ్ళజోడు వచ్చింది, అమ్మ మోకాలు నిరుటికంటే నయం. చెల్లెమ్మను, పిల్లలను అడిగానని చెప్పు. ఇక్కడితో ఆ కబుర్లు చాలు.

మాంసాన్ని పొగలో వండే ట్యాంకు పూర్తయింది. మన వర్క్‌షాప్ రోజుల తరవాత నా చేతులతో నేను చేసిన మొదటి పెద్ద ఇనప పని ఇదే. ప్రస్తుతం అది నాకు నాలుగడుగుల దూరంలో పెరట్లో మండుతోంది. నలభై నిమిషాలకు ఒక కట్టె చొప్పున వేస్తూ, ఆ మధ్య ఖాళీల్లో ఈ ఉత్తరం రాస్తున్నాను. అక్కడక్కడా వాక్యం తెగితే కట్టె వేయడానికి లేచానని అనుకో.

ఇక్కడివాళ్ళు మాంసాన్ని మంట మీద కాల్చరు. మంటను ఒక పక్క పెట్టెలో పెట్టి, దాని వేడినీ పొగనూ పెద్ద గొట్టంలాంటి గది గుండా నడిపించి, ఆ దారిలో మాంసాన్ని గంటల తరబడి ఉంచుతారు. ఆస్టిన్‌కు దక్షిణంగా లాక్‌హార్ట్ అనే చిన్న ఊరు ఉంది. 1999లో ఈ రాష్ట్ర శాసనసభ దానిని టెక్సస్ బార్బెక్యూ రాజధానిగా గుర్తించింది. అక్కడి పాత దుకాణాల్లో ఇటుక గూళ్ళు చూశాను. పెరళ్ళలో మాత్రం చాలామంది పాత ప్రొపేన్ గ్యాస్ ట్యాంకును అడ్డంగా పడుకోబెట్టి కోసి చేసుకుంటారు. 250 గ్యాలన్ల ట్యాంకంటే వీళ్ళకు ఎంతో ఇష్టం.

నేను గ్యాస్ ట్యాంకు జోలికి పోలేదు. దానిని కోసేముందు వాల్వు విప్పి, లోపల అంచుదాకా నీళ్ళు నింపి, మిగిలిన ఆవిరిని వెళ్ళగొట్టాలి. గ్యాసు పోయినా, అది కారితే తెలియడానికి కలిపే మెర్కాప్టన్ వాసన చాలాకాలం వదలదు. మన వర్క్‌షాప్ గోడ మీద ఎర్ర రంగుతో రాసి ఉండే హెచ్చరిక వాక్యం నీకు గుర్తుంది కదా, రెండో అక్షరం చెరిగిపోయినది? అది నా తలలో ఇంకా అలాగే ఉంది. అందుకని మూసేస్తున్న ఒక మెకానిక్ షెడ్డులో, మోటారు ఊడిపోయిన ఎయిర్ కంప్రెసర్ ట్యాంకు కొన్నాను. 60 గ్యాలన్లు, అంటే 227 లీటర్లు. దాని కడుపులో ఎన్నడూ గాలి తప్ప మరొకటి లేదు. అయినా అడుగు కుళాయి విప్పి, ఒత్తిడి ఏమీ లేదని రూఢి చేసుకున్న తరవాతే గ్రైండర్ ముట్టాను. తుప్పూ నూనే కలిసిన నల్లటి నీళ్ళు ఒక బకెట్టెడు వచ్చాయి.

లెక్క నువ్వు అడుగుతావని తెలుసు కనుక రాస్తున్నాను. మంట పెట్టె ఘనపరిమాణం వంట గదిలో మూడో వంతు ఉండాలని ఇక్కడి పనివాళ్ళ వాడుక. 227లో మూడో వంతు సుమారు 76 లీటర్లు. 17 అంగుళాల ఘనం చేస్తే 80 లీటర్లు వస్తుంది. ట్యాంకు రేకు మూడున్నర మిల్లీమీటర్లే ఉంది. అది నేరుగా మంటకు ఆగదు, వేడినీ నిలుపుకోదు. కాబట్టి మంట పెట్టెకు 6 మిల్లీమీటర్ల ప్లేటు తెచ్చాను. లోపల మాంసం పెట్టే జల్లెడకు పక్కింటాయన జింకు పూత జాలీ ఉచితంగా ఇస్తానన్నారు. బాగా కాలితే జింకు పొగ వదులుతుంది, అది మనిషికి మంచిది కాదు. ఆయన మనసు నొప్పించకుండా వద్దని, పూత లేని జాలీ కొన్నాను.

తలుపు కోయడం నీవల్లే సరిగా జరిగింది. గుండ్రటి ట్యాంకులోనుంచి ముక్క కోస్తే లోపల బిగుసుకుని ఉన్న ఇనుము విడిపోయి, ముక్క తన వంపు మార్చుకుంటుంది. తరవాత ఎంత నొక్కినా అతకదు. "ముందు బంధించు, తరవాత కోయి" అని నువ్వు నా చేతిలోని సుద్దముక్క లాక్కున్న రోజు గుర్తొచ్చింది. గీత గీసి, పై అంచు ఒక్కటే కోసి, అక్కడ మూడు మడత బందులు వెల్డింగ్ చేసి, ఆ తరవాతే మిగిలిన మూడు వైపులా కోశాను. చివరి అంగుళం తెగినప్పుడు ట్యాంకు గుడి గంటలా మోగింది. కింది అంచు వేలెడంత ఎడంగా లేచింది. దానిని క్లాంపులతో నొక్కిపట్టి, అంచు చుట్టూ లోపలివైపు అంగుళం పట్టీ వంచి, 6013 రాడ్లతో టాకులు వేసుకుంటూ పోయాను. ఇప్పుడు తలుపు వేస్తే సందులోంచి టార్చి వెలుతురు కూడా కనిపించదు. ఆ వెల్డింగ్ నీకు చూపించాలని నాకెంతగా ఉందో చెప్పలేను.

(కట్టె వేసి వచ్చాను. మూత మీది థర్మామీటర్ ముల్లు 250 దగ్గర నిలకడగా ఉంది. ఇక్కడ ఫారన్‌హీట్ లెక్క, మన 121 డిగ్రీలు.)

ఇప్పుడు అసలు సంగతి. దీనికోసమే ఈ ఉత్తరం.

పొగగొట్టం నేను తప్పుగా పెట్టాను. నాలుగు అంగుళాల పైపు తెచ్చి, మంట పెట్టెకు ఎదురు కొసన, ట్యాంకు నడినెత్తిన నిలబెట్టాను. చూడడానికి రైలింజనులా ఎంతో అందంగా ఉంది. లోపలి నూనె మురికి పోవడానికి ఒక రోజంతా పెద్ద మంట వేసి కాల్చాను. తరవాత కొత్త దోసె పెనానికి పట్టించినట్లు లోపలంతా నూనె రాసి మళ్ళీ వేడిచేశాను. మొదటి ఆదివారం రెండు కోళ్ళు పెట్టాను. గొట్టంలోంచి పాలలాంటి తెల్లటి పొగ సుళ్ళు తిరుగుతూ, బయటికి పోవడానికి ఇష్టంలేనట్లు బద్ధకంగా వచ్చింది. మంట పెట్టె తలుపు తీస్తే పొగ నా ముఖం మీదికి వచ్చేది. నాలుగు గంటల తరవాత కోళ్ళు తారు పూసినట్లు నల్లబడ్డాయి. మీ చెల్లెలు ఒక ముక్క నోట్లో పెట్టుకుని, ఏమీ అనకుండా కంచం పక్కకు జరిపింది. నాలిక మీద ఆ చేదు మర్నాటిదాకా పోలేదు.

ఇంకో మూడు ఆదివారాలు అలాగే గడిచాయి. కట్టెలు తడివేమోనని ఏడాది ఆరిన పోస్ట్ ఓక్ తెచ్చాను. గాలి తలుపు పెద్దది చేశాను. జల్లెడ మీద రెండో థర్మామీటర్ పెట్టి చూస్తే, పైకప్పు దగ్గర 290 ఉన్నప్పుడు మాంసం ఉండే చోట 215 ఉంది. వేడి వస్తోంది, పొగ వస్తోంది, మధ్యలో ఏదో తప్పు ఉంది. అది మాత్రం నాకు అందలేదు. ఒక రాత్రి, పదకొండు దాటాక, ఆ ట్యాంకు ఎదుట ఊరికే కూర్చుని ఉన్నాను. దీనిని పాత ఇనుముకు ఇచ్చేద్దామని నిర్ణయించుకున్నాను కూడా. అప్పుడు బాబాయి గారు గుర్తొచ్చారు.

సంక్రాంతి సెలవులకు నేను కందుకూరు పక్కన మీ ఊరు వచ్చినప్పుడు మీ పొగాకు ఆరబెట్టే బ్యారన్ మండుతూ ఉండేది కదా. కొలిమి బయట, లోపల నేలకు దగ్గరగా చుట్టూ తిరిగే ఇనప గొట్టాలు, పైన కర్రలకు అల్లిన పచ్చాకు అంతస్తులు అంతస్తులుగా వేలాడుతూ. మనకు రాత్రంతా తేగలు తినడం, తుమ్మ మొద్దు వంతులవారీగా తోయడం, నీలం దుప్పటి కోసం కొట్టుకోవడం. బాబాయి గారు గంటకోసారి టార్చి పట్టుకుని లేచి, అద్దపు కిటికీలోంచి థర్మామీటర్ చూసి, అడుగు కిటికీ రెండు వేళ్ళు తీసి, పై కిటికీ తాడు కొద్దిగా లాగి, మళ్ళీ పడుకునేవారు. ఆకు పండేదాకా నూరు డిగ్రీలలోపే, చివరికి ఈనె ఎండడానికి 160, అదీ ఫారన్‌హీట్ లెక్కే. అంత తేడాను ఐదారు రోజులపాటు మెల్లమెల్లగా ఎక్కించేవారు. తేమ పోయే దారి సరిగా లేకపోతే బంగారంలాంటి ఆకు మచ్చపడి నల్లబడుతుందని చెప్పేవారు.

నాకు గుర్తొచ్చింది అదొక్కటే కాదు. ఆకు ఎక్కించే ముందురోజు, కొలిమి వెలిగించి, ఆయన ఖాళీ బ్యారన్‌లో చేత్తో అగరుబత్తి పట్టుకుని నాలుగు మూలలా నెమ్మదిగా తిరగడం. మనిద్దరం బయట నిలబడి "బ్యారన్ స్వామికి పూజ" అని నవ్వుకున్నాం. నువ్వు గంట కూడా వాయించావు, ఇత్తడి చెంబు మీద. ఆయన కోప్పడలేదు. "గాలి ఎటు పోతోందో చూస్తున్నానురా, సరుకు దాని దారిలో ఉండాలి గదా" అన్నారు. మేస్త్రీ, ముప్ఫై ఏళ్ళు ఆ మాట నా చెవిలో ఉండి, అర్థం మాత్రం ఆ రాత్రి దిగింది.

దేవుడి గూట్లోంచి అగరుబత్తులు తెచ్చాను. మంట పెట్టెలో నిప్పులు ఇంకా ఉన్నాయి. తలుపు కొంచెమే ఎత్తి, మాంసం ఉండే ఎత్తులో అగరుబత్తి పట్టుకున్నాను. దాని సన్నటి పొగ అడ్డంగా పోలేదు. నిట్టనిలువుగా పైకి లేచి, కప్పును పట్టుకుని పాకుతూ, నెత్తి మీది గొట్టంలోకి దూరింది. నా వేడంతా కప్పు కిందుగా జారిపోతోంది. కింద జల్లెడ మీద మాంసం చుట్టూ చల్లటి పొగ నిలవ ఉండి మురుగుతోంది. బ్యారన్‌లో వేడి నేలనుంచి పైకి పోతుంది, ఆకు ఎత్తంతా నిండి ఉంటుంది, కాబట్టి పై కిటికీయే సరైన దారి. నా ట్యాంకులో వేడి పక్కనుంచి వస్తుంది, సరుకు ఒక్క వరసలోనే ఉంది. బయటికి పోయే నోరు ఆ వరస ఎత్తులోనే ఉండాలి. అంతే సంగతి. దానికి నేను నాలుగు ఆదివారాలు పోగొట్టుకున్నాను.

మర్నాడే నా వెల్డింగ్ నేనే కోసేశాను. నెత్తి మీది రంధ్రానికి ప్లేటు వేసి మూశాను. ఆరు అంగుళాల పైపు తెచ్చి, ట్యాంకు కొసన జల్లెడ ఎత్తులో నోరు పెట్టి, అక్కడినుంచి మూడడుగులు పైకి లేపాను. నాలుగు అంగుళాల పైపు నోరు పన్నెండున్నర చదరపు అంగుళాలైతే ఆరు అంగుళాలది ఇరవై ఎనిమిది. రెండింతలకు మించి ఊపిరి. మంట వెలిగించి మళ్ళీ అగరుబత్తి పట్టుకున్నాను. ఆ పొగ ఎవరో పేరుపెట్టి పిలిచినట్లు జల్లెడ మీదుగా అడ్డంగా సాగిపోయి గొట్టంలో కలిసింది. నేను చీకట్లో ఒక్కడినే నిలబడి చాలాసేపు దానినే చూశాను.

బాబాయి గారు పోయినప్పుడు నేను రాలేకపోయాను. నువ్వు ఒక్క మాట కూడా అనలేదు. దాని గురించి నీకు రాయాలని ఎన్నిసార్లు... ఇప్పుడు కాదు, కట్టె వేసి వస్తాను.

వచ్చాను. కట్టెను ముందే మంట పెట్టె మీద పెట్టి వేడెక్కనిస్తున్నాను, వేసిన వెంటనే అంటుకుంటుంది. గాలి తలుపు మూసి మంట గొంతు నొక్కితే చేదు పొగ వస్తుంది. చిన్న మంట, దానికి కావలసినంత గాలి ఉంటే పొగ దాదాపు కనిపించదు. కనిపిస్తే పలచటి నీలం రంగులో ఉంటుంది. అదే మంచి పొగ. ఇక్కడి మెస్కీట్ చెట్టు మీ చెరువు గట్టు మీది సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టం, ముల్లూ ఆకూ చూస్తే నువ్వే గుర్తుపడతావు. దాని మంట మహా చురుకు, పొగ ఘాటు. ఇంతసేపటి వంటకు నాకు ఓక్ కట్టే నచ్చింది.

పోయిన వారం రెండు మేక జబ్బలు పెట్టాను. ఉప్పు, మిరియాలు, కాస్త ఎండుమిరప కారం, ధనియాల పొడి, ఇంకేమీ లేదు. ఈ రాష్ట్రంలోనే బ్రేడీ అనే ఊళ్ళో 1974 నుంచి మేక మాంసం వండే పోటీలు జరుగుతున్నాయి కాబట్టి ఇక్కడ మేకను చూసి ఎవరూ వింతపడరు. లోపలి వేడి 155 దాకా చకచకా ఎక్కి, అక్కడ రెండు గంటలు కదలలేదు. భయపడనక్కరలేదు: మాంసంలోంచి ఊరే నీరు ఆవిరవుతూ దానిని చల్లబరుస్తుంది, మట్టికుండలో నీళ్ళు చల్లబడినట్లే. అప్పుడు కాగితంలో చుట్టి మళ్ళీ పెట్టాను. 203 దగ్గర సన్నటి చువ్వ గుచ్చితే వెన్నలో దిగినట్లు దిగింది. ఎముక పట్టుకుని లాగితే ఊరికే ఊడివచ్చింది. అంచున, నల్లటి పొర కింద, వేలి మందాన గులాబి రంగు చార ఉంది. పొగలోని వాయువులు మాంసం ఎరుపుతో కలిసి ఆ రంగును నిలబెడతాయి. మీ చెల్లెలు ఈసారి కంచం జరపలేదు. రెండోసారి పెట్టించుకుంది. చిన్నవాడు ఎముక చీకుతూ, ఇది ఎవరు నేర్పారు నాన్నా అని అడిగాడు. మీ ఊరు, బ్యారన్, నీలం దుప్పటి, ఇత్తడి చెంబు అన్నీ చెప్పాను. అగరుబత్తి దగ్గరికి వచ్చేసరికి నా గొంతు...

నీకు ఒక పని చెప్పాలి. మీ బ్యారన్ గోడలు ఇంకా నిలిచి ఉన్నాయని రాశావు. అడుగు కిటికీలు నేలకు ఎంత ఎత్తున ఉన్నాయో, వెడల్పు ఎంతో టేపు పెట్టి కొలిచి పంపు. పై కిటికీ తాడు కప్పీ ఉంటే దాని ఫోటో కూడా. నా గాలి తలుపును ఇప్పటికీ చేత్తో జరుపుతున్నాను, ఆయన చేసినట్లు కూర్చున్నచోటు నుంచే లాగేలా చేయాలని ఉంది. ఇంకా ఆ కొలిమి మూతి దగ్గర ఇటుకలు ఏటవాలుగా పేర్చి ఉండేవి, అది ఎందుకో నీకేమైనా

గొట్టంలో పొగ తెల్లబడుతోంది. వెళ్ళాలి.

నీ హెల్పరు