గాజువాక తమ్ముడికి, మా బాబు తరఫున కృతజ్ఞతలు

రాత్రంతా నిద్ర లేదు, అయినా ఇది ఇప్పుడే రాయాలి.

మా బాబుకి ఆటిజం. వాడి రోజంతా పోకెమాన్ ఫైర్‌రెడ్ చుట్టూనే తిరుగుతుంది. గేమ్‌బాయ్ అడ్వాన్స్ అనే చేతి మెషిన్‌లో క్యాసెట్ పెట్టి ఆడే 2004 నాటి ఆట. ఆ పాత మెషిన్ పాడైపోతే, వేల ఆటలు ఎక్కించి అమ్మే కొత్త హ్యాండ్‌హెల్డ్ ఒకటి ఇక్కడే షాపులో కొన్నాం. అందులోనూ ఫైర్‌రెడ్ ఉంది. కాసేపు ఆడి విసిరేశాడు. "పిడ్జీ లేదు, నాది కాదు" అని ఒకటే ఏడుపు. పిడ్జీ అంటే ఆ ఆట మొదట్లోనే కనిపించే చిన్న పిట్ట. తిండి కూడా మానేశాడు. మొండితనం అన్నారు అందరూ.

ఈ తమ్ముడు ఎవరో మాకు తెలియదు. స్టీల్ ప్లాంట్‌లో బి షిఫ్ట్ దిగి, భోజనం కూడా చేయకుండా ఎంవీపీ కాలనీ దాకా వచ్చాడు. నేల మీద వాడి పక్కన కూర్చుని, "నీ క్యాసెట్ నేను పట్టుకోనా?" అని అడిగి, వాడు తల ఊపేదాకా ఆగాడు. పిన్నులు తుడిచి, క్యాసెట్ చదివే రీడర్‌తో అందులోని ఆటని ల్యాప్‌టాప్‌లోకి రెండుసార్లు కాపీ తీసి పోల్చాడు. ఫైల్ 16 ఎంబీ. ఫైల్ మొత్తాన్ని లెక్కగట్టి తీసే చెక్‌సమ్ అనే నంబరు, అందులో ఒక్క బైట్ మారినా మారిపోతుందట. మా క్యాసెట్‌ది అసలు ఆటతో సరిగ్గా సరిపోయింది. షాపువాళ్ల కాపీది సరిపోలేదు. అసలు ఆటలో మొదటి దారి, రూట్ 1 గడ్డిలో పిడ్జీ, రటాటా మాత్రమే వస్తాయి. ఎవరో వాటిని మార్చేసి పాత పేరే ఉంచేశారు.

"అక్కా, బాబు చెప్పిందే నిజం. ఇది వాడి ఆట కాదు."

ఆ మాటకి నేను ఆగలేకపోయాను. వాడి మాట నిజమో కాదో చూద్దామని అంతవరకూ ఎవరికీ తోచలేదు.

అసలు కాపీతో పాటు వాడి సేవ్, అంటే వాడు అంతవరకూ ఆడి దాచుకున్నది కూడా కొత్త మెషిన్‌లోకి ఎక్కించాడు. ఆటలో వాడు పెంచుకున్న చారిజార్డ్ అలాగే ఉంది. ఎవరినీ ముట్టుకోనివ్వని పిల్లాడు ఆ అబ్బాయి మోచెయ్యి పట్టుకుని ఆడుకున్నాడు. డబ్బులిస్తే తీసుకోలేదు, టీ తాగి వెళ్లిపోయాడు.

మార్చిన ఆటల మీద నాకు కోపం లేదు. వాటిని చేసేవాళ్లు ఎంతో కష్టపడతారని, చాలామంది ప్యాచ్, అంటే తాము చేసిన మార్పులున్న ఫైల్ మాత్రమే ఇచ్చి ఏ అసలు కాపీకి వేయాలో కూడా చెబుతారని ఆ తమ్ముడే చెప్పాడు. నా బాధంతా చెప్పకుండా కలిపి అమ్మేవాళ్లతోనే. "ఆట ఆటే కదమ్మా" అన్నారు షాపులో. బిల్లు లేదు, వాపసు లేదు. ఎవరిని అడగాలి?

మావారు, అత్తయ్య ఎలాగూ తోడున్నారు.

అయ్యో, ఆ తమ్ముడి నంబరు ఇచ్చిన స్పీచ్ థెరపీ మేడమ్‌కి, అంత రాత్రి గేటు తీసిన వాచ్‌మన్ గారికి కూడా థాంక్స్. పాత మెషిన్ విప్పడానికి మూడు పళ్ల స్క్రూడ్రైవర్ ఇచ్చిన ద్వారకానగర్ సెల్ రిపేర్ అబ్బాయీ, నీది మా దగ్గరే ఉంది, రేపు తెచ్చిస్తాం.