అమ్మలూ, గుర్రాల మనిషి లేకుండా ఆ కనుమ ఎక్కకు

అమ్మలూ,

ఎలా ఉన్నావు? ఈ ఏడు ఆవకాయలో కాస్త ఉప్పు తగ్గించాను, మీ నాన్నకి బీపీ కదా. నీ సీసా వేరేగా తీసి పెట్టాను. పెద్దత్త మోకాలి ఆపరేషన్ వాయిదా పడింది, వర్షాలు తగ్గాక చూద్దాం అన్నారట. పెరట్లో పంపు మళ్లీ కారుతోంది.

నువ్వు ఫోన్ చేసి చాలా రోజులైంది. మెసేజ్ పెడితే నీలం గీతలు పడుతున్నాయి గానీ జవాబు లేదు. పని ఒత్తిడేమో అనుకున్నాను. మొన్న కొత్తవలస పెళ్లిలో బుజ్జిగాడు నోరు జారాడు, ఆగస్టులో నువ్వూ ఇంకో అమ్మాయీ ఇద్దరే పరాంగ్ లా అనే కనుమ మీదుగా ట్రెక్కుకి వెళ్తున్నారని, గైడూ గుర్రాలూ ఏమీ లేకుండా సంచులు మీరే మోసుకుంటారని. వాణ్ని ఏమీ అనకు, నేనే గుచ్చి గుచ్చి అడిగాను. నిన్ను ఆపడానికి రాయట్లేదు ఇది. ఫోన్‌లో అయితే "సరేలే అమ్మా" అని పెట్టేస్తావు, అందుకని రాస్తున్నాను.

ఆ చోటు గురించి చదివాను. బాగుంది, నిజంగానే ముచ్చటేసింది. హిమాచల్‌లోని స్పితిలో కిబ్బర్ ఊరి నుంచి ఎక్కి, 5,580 మీటర్ల దగ్గర కనుమ దాటి, అవతల లద్దాఖ్‌లో సో మోరిరి సరస్సు ఒడ్డున కార్జోక్‌లో తేలడం. కిబ్బర్ వాళ్లు ఒకప్పుడు ఆ కనుమ మీదుగానే లద్దాఖ్‌తో వ్యాపారం చేసేవాళ్లట. మనాలీ చుట్టుపక్కల జనం తొక్కిడిలో నడవడం కన్నా ఇలాంటి చోటుకి వెళ్లాలనుకోవడం నాకు నచ్చింది. కానీ జనం లేని చోటంటే సాయానికీ జనం లేరనే కదా. కిబ్బర్ దాటాక కార్జోక్ దాకా రోజుల తరబడి ఒక్క ఊరు లేదు. మధ్యలో "పారే చూ" అనే నది దాటాలి. నా మనసంతా ఆ నది దగ్గరే ఆగిపోయింది.

నేను పెదబయలు వైపు ఏఎన్ఎంగా ఉన్న రోజులు నీకు గుర్తుండవు, అప్పటికి నీకింకా మాటలు సరిగ్గా రాలేదు. శ్రావణ మాసం, టీకాల రోజు. జీపు రోడ్డు మీద దింపేస్తే అక్కడి నుంచి గెడ్డ దాటి కొండెక్కాలి గూడేనికి. వ్యాక్సిన్ డబ్బా నా భుజానికి, పక్కన ఆ ఊరి దాయి, ముసలామె. పొద్దున దాటినప్పుడు నీళ్లు పిక్కల దాకానే, చీర కాస్త పైకి పట్టుకుంటే సరిపోయింది. పిల్లలకి టీకాలు వేసి, సంతకెళ్లిన ఒక తల్లి బిడ్డతో తిరిగొచ్చేదాకా కూర్చుని, దిగేసరికి మూడు దాటింది. మా మీద చినుకు లేదు, చుర్రుమని ఎండ. గెడ్డ చూస్తే పొద్దుటికన్నా ఓ జానెడు ఎక్కువుందేమో, అంతే. అవతల గట్టున డ్రైవరు హారన్ మీద హారన్. ఇంట్లో నీకు జ్వరం, మీ నాయనమ్మ ఒక్కతే ఉంది. నేను చెప్పులు చేత్తో పట్టుకుని దిగబోయాను. దాయి నా కొంగు పట్టుకుంది. నీళ్లు చూడు, ఎర్రబడ్డాయి, చితుకులు కొట్టుకొస్తున్నాయి, పైన కొండ మీద వాన పడింది అంది. ఎంత బతిమాలినా కొంగు వదల్లేదు. ఆవిడ నోట్లో అడ్డపొగ చుట్ట ఆరకముందే గెడ్డ ఒడ్డునున్న జీలుగు చెట్టు మొదలు మునిగిపోయింది. ఆ మోత ఎంతంటే అవతలి హారన్ ఇక వినపడలేదు. ఆ రాత్రి వాళ్లింట్లో చోడి అంబలి తాగి, నీ గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను. తెల్లారి చూస్తే మళ్లీ పిక్కల దాకానే నీళ్లు.

నువ్వు వెళ్లే చోట వానతో కూడా పని లేదు, ఎండే నీళ్లు తెస్తుంది. పొద్దెక్కే కొద్దీ పైన మంచు కరుగుతుంది, మధ్యాహ్నానికి ఏరు పెరుగుతుంది. తెల్లవారుజామున దాటాల్సిందే, ఆలస్యమైతే ఆ ఒడ్డునే టెంటు వేసుకుని పడుకోవాల్సిందే. ఏ పాయ దగ్గర దాటాలో ఏటేటా మారుతుంది, ఫోన్‌లో మ్యాపు అది చెప్పదు. ఆ పారే చూ టిబెట్‌లోకి పోయి తిరిగి స్పితి నదిలో కలుస్తుంది. 2004లో టిబెట్ వైపు కొండచరియ విరిగిపడి దానికి అడ్డంగా చెరువు కట్టింది, 2005 జూన్‌లో అది తెగి కింద సట్లెజ్ లోయంతా వరద. ఇక 2014 జూన్‌లో మండీ దగ్గర బియాస్ నదిలో మన హైదరాబాద్ ఇంజనీరింగ్ పిల్లలు 24 మంది పోయారు, ఫొటోలు తీసుకుంటుంటే పైన డ్యామ్ నుంచి వదిలిన నీళ్లు వచ్చిపడ్డాయి. ఆ వారమంతా టీవీ ముందు నుంచి నేను లేవలేదు. హిమాచల్ అని ఎవరన్నా నాకు అదే కళ్లముందు ఆడుతుంది.

గైడ్ అంటే చేతకానివాళ్లకి అనుకోకు. మల్లి మస్తాన్ బాబు కన్నా చేతనైనవాడు మనలో ఎవరున్నారు? 2006లో ఏడు ఖండాల్లోని ఎత్తైన శిఖరాలన్నీ 172 రోజుల్లో ఎక్కినవాడు. 2015 మార్చిలో ఆండీస్‌లో ఒంటరిగా వెళ్లాడు, పక్కన మనిషి లేడు. శవం ఏప్రిల్‌లో దొరికింది. నెల్లూరులో ఆ తల్లి గురించి నేను ఇప్పటికీ అనుకుంటాను.

సరే, ఇంకో మాట. ఢిల్లీ నుంచి మనాలీ మీదుగా గబగబా స్పితిలోని కాజా ఊరు చేరిపోవద్దు. సిమ్లా, కల్పా, నాకో, టాబో మీదుగా వెళ్లు, రెండు మూడు రోజులు ఎక్కువ పట్టినా ఒంటికి ఎత్తు అలవాటవుతుంది. 3,000 మీటర్లు దాటాక, ముందు రాత్రి పడుకున్న చోటికన్నా 500 మీటర్లకి మించి పైన పడుకోకూడదు. తలనొప్పి, వాంతులు, నడకలో తూలడం, కూర్చున్నా ఆయాసం, వీటిలో ఏది వచ్చినా దిగిపోవాలి. మీ దారిలో ఉన్న చిక్కేమిటంటే కనుమ దాటాక దిగడానికి చోటు లేదు, సరస్సు కూడా 4,500 మీటర్ల మీదే ఉంది. అందుకని కిబ్బర్‌లో ఏ మాత్రం తేడాగా ఉన్నా అక్కడే ఆగిపో. ఎత్తు పడక వచ్చే జబ్బు రాకుండా డైమాక్స్ మాత్ర వేసుకుంటావేమో, అది సల్ఫా జాతి మందు, చిన్నప్పుడు సల్ఫా మాత్రకి నీకు ఒళ్లంతా దద్దుర్లు వచ్చి పెదాలు వాచిపోయాయి. డాక్టర్‌కి ఆ సంగతి చెప్పకుండా ముట్టుకోకు.

ఉపన్యాసం అయిపోతోంది, తెలుసు. అయినా వినాలి. కిబ్బర్‌లో గుర్రాలు నడిపేవాళ్లు ఉంటారట, ఒక మనిషినీ రెండు గుర్రాలనూ మాట్లాడుకో. డబ్బు నేను పంపుతాను, నాన్నకి చెప్పక్కర్లేదు. తిండి రెండు రోజులకి ఎక్కువే పెట్టుకో. తిరుగు టికెట్ ట్రెక్కు ముగిసిన వెంటనే ఉండేలా బుక్ చెయ్యకు, టికెట్ కోసమే మీరు మధ్యాహ్నం పూట నదిలో దిగుతారని నా భయం. శాటిలైట్ ఫోన్ ఎవరో ఇస్తామన్నారని బుజ్జిగాడు అన్నాడు, మన దేశంలో అనుమతి లేకుండా అది వాడితే పోలీసు కేసు అవుతుంది, వద్దు. కాజాలో పోలీస్ స్టేషన్‌లో పేర్లూ దారీ రాయించి వెళ్లండి. సో మోరిరి వైపు పర్మిట్ ఏమైనా కావాలేమో, ముందే కనుక్కో.

ఏ రోజు ఎక్కడ పడుకుంటారో ఒక కాగితం మీద రాసి ఫొటో తీసి పంపు. ఏ తారీకు దాటితే నేను ఎవరికి ఫోన్ చెయ్యాలో కూడా అందులో రాయి. నువ్వు తారీకు చెబితే ఆ రోజు దాకా నేను టెన్షన్ పడకుండా ఉంటాను, చెప్పకపోతే మొదటి రోజు నుంచీ పడతాను.

ఊలు మేజోళ్లు నాలుగు జతలు కొన్నాను, కాటన్‌వి వేసుకోకు, తడిస్తే ఆరవు. సున్నుండలు, వేయించిన ఉప్మా రవ్వ చేసి పంపుతాను, పార్సెల్ ఆఫీసుకి పంపాలా రూముకా చెప్పు. ఆ అమ్మాయి వాళ్లమ్మ నంబరు కూడా పెట్టు, ఆవిడతో ఒకసారి మాట్లాడాలి. ఆదివారం ఫోన్ చెయ్యి.

అమ్మ