నా చేయి వణకలేదు, మీరే వినలేదు

రాజమహేంద్రవరం,
20 నవంబరు 2025

కస్టమర్ కేర్ ముఖ్య అధికారి గారికి,

విషయం: రాత్రిపూట ఫోకస్ పట్టని కెమెరా, 3 నెలలుగా పట్టించుకోని మీ సిబ్బంది

అయ్యా,

కెమెరా పాడైనందుకు నాకు కోపం లేదు. వస్తువన్నాక ఎప్పుడో ఒకప్పుడు పాడవుతుంది. ఆగస్టు నుంచి ఈ రోజు దాకా మీ వాళ్లలో ఒక్కరు కూడా నేను చెప్పేది చివరిదాకా వినలేదు. నా బాధంతా అదే.

నిరుడు సెప్టెంబరులో కొన్న చిన్న కెమెరా అది. పగలు బాగానే తీస్తుంది. చీకటి పడితే మాత్రం లెన్సు ముందుకీ వెనక్కీ ఆడుతూనే ఉంటుంది. చీకట్లో ఫోకస్‌కు సాయంగా లెన్సు పక్కన వెలగాల్సిన బుల్లి నారింజ లైటు వెలగడం మానేసింది.

మొదటిసారి ఫోన్ చేసినప్పుడు తెలుగు కోసం నంబరు నొక్కితే హిందీలో మాట్లాడారు. పావుగంట పాట విన్నాక ఒకమ్మాయి లైన్లోకి వచ్చి, "ఫ్లాష్ ఆన్ చేశారా సర్?" అంది. గోదావరిలో వదిలిన దీపాలు తీయడానికి ఫ్లాష్ ఎందుకమ్మా, దాని వెలుగు 3 మీటర్లు దాటి పోదని మీరిచ్చిన పుస్తకంలోనే ఉంది కదా అన్నాను. "ఒకసారి ఆన్ చేసి చూడండి సర్" అని మళ్లీ అదే మాట.

రెండోసారి ఇంకొకతను ఎత్తాడు. "మీ వయసెంత సర్? చేయి వణుకుతోందేమో" అన్నాడు. నాకు 63 ఏళ్లు. అయితే ఫొటో పడేటప్పుడు కెమెరా నా చేతిలో ఉండనే ఉండదు. పుష్కర ఘాట్‌లో గట్టు మీద, బియ్యం పోసి కుట్టిన చిన్న గుడ్డ సంచి పెడతాను. దాని మీద కెమెరా కూర్చోబెట్టి, ఫ్లాష్ ఆపేసి, ఐఎస్ఓ (వెలుగును పట్టే సున్నితత్వం) 100కి తగ్గించి, 2 సెకన్ల టైమర్ నొక్కి చేయి తీసేస్తాను. ఇదే కెమెరాతో నిరుడు కార్తీక పౌర్ణమికి ఆర్చ్ బ్రిడ్జి లైట్లు, నీళ్లలో వాటి నీడలు ఎంత స్పష్టంగా వచ్చాయో! ఇదంతా చెబుతుండగానే లైన్ కట్టయింది. మళ్లీ చేస్తే కొత్త మనిషి, మళ్లీ మొదటి నుంచి కథ. ఇలా 11 సార్లు. ఒకాయనైతే "ఫోన్‌తో తీసుకోవచ్చు కదా సర్" అన్నాడు. కెమెరా అమ్ముకునే కంపెనీలో కూర్చుని అనాల్సిన మాటేనా అది?

చివరికి సెప్టెంబరు 12న విజయవాడ సర్వీస్ సెంటర్‌కు రైల్లో తీసుకెళ్లి ఇచ్చాను. కౌంటర్‌లో అబ్బాయి నా ముఖం కూడా చూడకుండా "ఇమేజ్ ప్రాబ్లమ్" అని రెండు ముక్కలు రాసుకున్నాడు. రాత్రిపూట మాత్రమే అని రాయి బాబూ అని బతిమాలాను. రాయలేదు. 35 రోజుల తర్వాత "లోపం ఏమీ లేదు" అనే చీటీతో తిరిగి ఇచ్చారు. ఇంటికొచ్చి కార్డు చూస్తే మీ వాళ్లు పరీక్ష కోసం తీసిన ఫొటో ఒకటే ఒకటి ఉంది. కిటికీ పక్కన బల్ల, దాని మీద సగం తాగిన టీ గ్లాసు. తీసిన సమయం ఉదయం 11:40. చీకట్లో ఫోకస్ పట్టట్లేదని చెప్పి ఇచ్చిన కెమెరాను పట్టపగలు చూసి బాగుందన్నారు! ఆ రాత్రే మళ్లీ ఫిర్యాదు పెట్టాను. 72 గంటల్లో ఫోన్ చేస్తామన్నారు. అక్టోబరు 28న "మీ సమస్య పరిష్కారమైంది" అని మెసేజ్ వచ్చింది. ఎవరు పరిష్కరించారు? ఎప్పుడు?

ఈ నవంబరు 5న కార్తీక పౌర్ణమి. మా అమ్మకు 86 ఏళ్లు. కర్ర సాయంతో మెట్లు దిగి, ఘాట్‌లో 365 వత్తుల దీపం వెలిగించింది. వచ్చే ఏడాది దిగగలదో లేదో తెలియదు. ఆ మంట వెలుగులో అమ్మ ముఖం తీద్దామని 20 సార్లు ప్రయత్నించాను. ఒక్కటీ రాలేదు, అన్నీ పసుపు మరకలే. దీనికి మీరేం నష్టపరిహారం ఇస్తారు?

1999లో మా చెల్లి పెళ్లికి కొన్న రీలు కెమెరా మీదే. తర్వాతి రెండూ మీవే. నా మాట మీద మా స్కూల్లో నలుగురు టీచర్లు మీ కెమెరాలే కొన్నారు. ఇకమీదట ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో నాకు బాగా తెలుసు.

కెమెరాకు వారంటీ ఇంకా 10 నెలలు ఉంది. చీకటి గదిలో పరీక్షించి బాగుచేయండి, లేదా మార్చి ఇవ్వండి. అంతకన్నా ముందు, నిర్ణయం తీసుకోగల మనిషి ఎవరైనా నాకు తెలుగులో ఫోన్ చేసి పూర్తిగా వినండి. 15 రోజులు చూస్తాను. ఆ తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తాను, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనుండే చోటే వేయొచ్చు, విజయవాడ దాకా రానక్కర్లేదు. ఆ కాగితాల్లో మీ వాళ్లు తీసిన టీ గ్లాసు ఫొటో కూడా ఉంటుంది.

ఇట్లు,
26 ఏళ్లుగా మీ కస్టమర్,
ఒక రిటైర్డ్ టీచర్