నోటీసు అందిన రోజే ఊరికి చెప్పండి: నార్వే న్యాయ శాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన నార్వే న్యాయ, ప్రజా భద్రత శాఖ మంత్రి గారికి,

మీ దేశంలో ఉద్యోగాలు చేసుకుంటూ, పిల్లల్ని మీ బడుల్లోనే చదివించుకుంటున్న తెలుగువాళ్లం కొందరం కలిసి ఈ లేఖ రాస్తున్నాం. కొత్తగా ఇక్కడికి వస్తున్న మావాళ్లకూ ఈ చరిత్ర తెలియాలని తెలుగులో రాస్తున్నాం. అడుగుతున్నది ఒక్కటే. ఏదైనా చిన్న ఊళ్లో వలసవాసులకు వ్యతిరేకంగా సభ పెడతామని పోలీసులకు నోటీసు అందితే, ఆ సంగతి అదే రోజు ఆ ఊరి మునిసిపాలిటీకి చేరాలి. చేరాక ఏం చెయ్యాలో ముందే రాసి పెట్టి ఉండాలి. ఇది ఎందుకంత అవసరమో ఆర్నె మిర్దాల్ జీవితం చూస్తే తెలుస్తుంది.

మిర్దాల్ (1935–2007) దక్షిణ తీరంలోని ఆరెండాల్ ప్రాంతం వాడు. 1987లో పుట్టిన 'వలసలకు వ్యతిరేకంగా ప్రజా ఉద్యమం' సంస్థకు నాయకుడయ్యాడు. ఆ ఏడాదే ఎందుకన్నది ముఖ్యం. 1985లో నార్వేలో ఆశ్రయం కోరినవాళ్లు వెయ్యి మంది కూడా లేరు. 1987 నాటికి 8,600 దాటారు. వాళ్లను ఉంచడానికి దేశమంతటా హడావిడిగా శిబిరాలు తెరవాల్సి వచ్చింది. వలసల వ్యవహారాలు చూసే ప్రత్యేక డైరెక్టరేట్ పని మొదలుపెట్టింది 1988లోనే. ఊళ్లోకి ఎవరొస్తున్నారో, ఎందుకొస్తున్నారో సరిగ్గా చెప్పేవాళ్లు లేని చోట పుకారే సమాచారమైంది. 1987లోనే స్థానిక ఎన్నికల ప్రచారంలో, వలసల్ని తగ్గించాలనే ప్రోగ్రెస్ పార్టీ నాయకుడు కార్ల్ ఐ. హాగెన్, నార్వే ముస్లింల వశమవుతుందని ఒక ముస్లిం రాసిన ఉత్తరమంటూ సభలో చదివి వినిపించాడు. అది దొంగ ఉత్తరమని తర్వాత తేలింది. అయితే అప్పటికే అది చేరాల్సిన చెవులకు చేరిపోయింది.

మిర్దాల్ భాషను కూడా గమనించాలి. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ ఆక్రమణ కాలంలో ప్రాణాలకు తెగించి పోరాడిన ప్రతిఘటన యోధుల మాటల్ని అతను ఎత్తుకెళ్లాడు. తమది కొత్త ప్రతిఘటన అన్నాడు, వలసవాసుల పక్షం మాట్లాడేవాళ్లను దేశద్రోహులన్నాడు. ఎదుటివాడు దేశద్రోహి అని ఒకసారి నమ్మించాక, ఆ తర్వాత చేసే హింస తప్పుగా తోచదు. ట్రోమోయా ద్వీపంలో శరణార్థి శిబిరాన్ని పేల్చేయడానికి పథకం వేసిన కేసులో అతనికి శిక్ష పడింది. జాత్యహంకార వ్యతిరేకులపై దాడి కేసులో మళ్లీ పడింది. శిక్షలు పడినా అతని సభలు ఆగలేదు. పైగా తనను వెంటాడుతున్నారని చెప్పుకోవడానికి అవే పనికొచ్చాయి.

సభలకు అడ్డుకట్ట వేసింది బ్రుముండాల్. మ్యోసా సరస్సు ఒడ్డున, రింగ్‌సాకర్ మునిసిపాలిటీలో ఉన్న చిన్న పట్టణం అది. వలసవాసుల దుకాణాల మీద దాడులతో అప్పటికే దేశమంతా చెడ్డపేరు మోస్తోంది. అక్కడైతే తనకు జనం దొరుకుతారని 1991లో మిర్దాల్ వచ్చాడు. మొదట అతని మనుషులకూ, జాత్యహంకార వ్యతిరేకులకూ మధ్య వీధిలో కొట్లాట జరిగింది. కెమెరాలకు కావలసిన బొమ్మ దొరికింది, మిర్దాల్‌కు కావలసింది కూడా అదే. తర్వాత ఊరు పద్ధతి మార్చింది. అతను మాట్లాడుతుంటే వేల మంది చౌకులో నిలబడి, ఒక్క మాట అనకుండా వీపు తిప్పారు. మా భాషలో వెన్ను చూపడమంటే పారిపోవడం. ఆ రోజు బ్రుముండాల్‌లో వెన్ను చూపినవాళ్లు అంగుళం కూడా కదల్లేదు. ఆ తర్వాత మిర్దాల్ ఉద్యమం మళ్లీ కోలుకోలేదు.

ఇలాంటిది ఎక్కడ పడితే అక్కడ పని చేస్తుందని మేం అనడం లేదు. యాభై మంది వీపు తిప్పితే అది వక్తకు నవ్వులాట. ఊళ్లో సగం మందైనా రావాలి, దుకాణదారులు, పాస్టర్, ఫుట్‌బాల్ క్లబ్ కోచ్, కార్మిక సంఘం వాళ్లు కనబడాలి. ఒక్కడు రాయి విసిరినా మర్నాడు పేపర్లో ఆ రాయే ఉంటుంది, వీపులు ఉండవు. అందుకే దీనికి తయారీ కావాలి, తయారీకి రోజులు కావాలి. మీ చట్టంలో లోటు ఉన్నది ఇక్కడే.

పోలీసు చట్టం 11వ సెక్షన్ ప్రకారం బహిరంగ స్థలంలో ప్రదర్శన చేసేవాళ్లు ముందుగా పోలీసులకు తెలియజేస్తే చాలు, అనుమతి అక్కర్లేదు. శాంతిభద్రతలకు తీవ్ర భంగం కలుగుతుందనడానికి ఆధారం ఉంటే తప్ప పోలీసులు ఆపడం కష్టం. ఈ స్వేచ్ఛను తగ్గించమని మేం అడగం, అది మాకూ కావాలి. అయితే ఊరు ముందే తయారుగా లేకపోతే ఏమవుతుందో ఓస్లో దగ్గరి ఆస్కిమ్‌ను చూడండి. 2000 ఆగస్టు 19న 'బూట్‌బాయ్స్' అనే నవనాజీ ముఠా వాళ్లు 38 మంది నాజీ నాయకుడు రుడాల్ఫ్ హెస్ స్మృతిలో ఆ ఊరి నడిబొడ్డున 500 మీటర్లు నడిచారు. నడక ఐదు నిమిషాలు. తర్వాత చౌకులో యూదుల మీదా, వలసవాసుల మీదా విషం కక్కిన ఉపన్యాసం. 2002లో సుప్రీంకోర్టు 11–6 మెజారిటీతో వక్తను వదిలేసింది. అది తప్పని ఐక్యరాజ్యసమితి జాతి వివక్ష నిర్మూలన కమిటీ చెప్పేసరికి 2005 వచ్చింది. ఐదు నిమిషాల నడకకు ఐదేళ్లు పట్టింది. ఈలోగా 2001 జనవరి 26 రాత్రి ఓస్లోలోని హోల్మ్‌లియాలో బెంజమిన్ హెర్మన్‌సెన్ అనే 15 ఏళ్ల పిల్లవాణ్ణి అదే బూట్‌బాయ్స్ ముఠాకు చెందినవాళ్లు పొడిచి చంపారు.

ఇప్పుడు శిక్షాస్మృతి 185వ సెక్షన్ ఉంది, ద్వేష ప్రసంగానికి మూడేళ్ల దాకా జైలు. మంచిదే. అయినా కోర్టు వచ్చేది మాట నోరు దాటాక. దానికి ముందు చెయ్యాల్సింది మునిసిపాలిటీ. నేర నివారణ సమన్వయకర్త ఇప్పటికే చాలా మునిసిపాలిటీల్లో ఉన్నారు. నోటీసు అందిన రోజే ఆయనకు ఫోన్ వెళ్లాలి. మర్నాటికల్లా బడి, చర్చి, మసీదు, క్రీడా సంఘం, వ్యాపారులను ఒక గదిలో కూర్చోబెట్టి ఊరి స్పందన ఏమిటో ఒక్కటే తేల్చాలి: వీపు తిప్పడమా, చౌకు ఖాళీగా వదిలేయడమా, వేరే చోట సభ పెట్టడమా. రెండు మూడు స్పందనలు ఒకేసారి నడిస్తే జనం చీలి, గొడవకు వచ్చేవాళ్లకు సందు దొరుకుతుంది. ఎవరు ఎక్కడ నిలబడాలో, పోలీసు వరుస ఎక్కడ ఉండాలో పటం మీద గుర్తు పెట్టాలి. వలస కుటుంబాలకు వాళ్ల భాషలో ముందే చెప్పాలి. లేకపోతే ఆ రోజు తలుపులేసుకుని కూర్చుంటారు, వక్త కోరుకునేదీ అదే. ప్రతి మాటా రికార్డు చెయ్యాలి. 185 కింద కేసు నిలబడాలంటే ఎవరి ముందు, ఏ మాటలు అన్నారన్నది అక్షరాలా కావాలి.

ఇక కుర్రాళ్ల సంగతి. ఈ ముఠాల్లో చేరేవాళ్లలో చాలామంది భావజాలం నచ్చి చేరరు. స్నేహం కోసం, భయం నుంచి రక్షణ కోసం, ఉత్సాహం కోసం వస్తారు, నమ్మకాలు తర్వాత అంటుకుంటాయి. పరిశోధకుడు టూరె బ్యోర్గో ఈ మాట ఎన్నో ఏళ్లుగా చెబుతున్నారు. పోలీసుల 'ఆందోళన సంభాషణ' పద్ధతి పుట్టింది ఈ ఎరుక నుంచే. 18 ఏళ్లలోపు పిల్లల్ని తల్లిదండ్రులతో సహా పిలిచి ఇల్లు, బడి, స్నేహాలు, రేపటి సంగతి మాట్లాడతారు. 2003లో విగ్రిడ్ అనే నాజీ సంస్థ చుట్టూ చేరిన యువతతో ఇలాగే మాట్లాడితే చాలామంది బయటికొచ్చారు. ఇది చెడేది రెండు చోట్ల. ఒకటి, అది విచారణలా మారడం. రెండోది, ఒక్కసారి మాట్లాడి వదిలేయడం. ముఠా వదిలిన కుర్రాడికి పాత స్నేహితులు శత్రువులవుతారు, కొత్త స్నేహితులు ఇంకా దొరకరు. ఆ ఒంటరి నెలల్లో ఉద్యోగమో, కోచ్ ఫోన్ కాలో అందకపోతే వాడు తిరిగి వెళ్లిపోతాడు. అదే అధికారి కనీసం ఏడాదిపాటు టచ్‌లో ఉండేలా నిధులు కేటాయించండి.

ఈ పద్ధతిని ముందుగా మూడు నాలుగు చిన్న మునిసిపాలిటీల్లో మొదలుపెట్టండి. రింగ్‌సాకర్ వాళ్లను పిలిచి 1991లో ఏం చేశారో, ఏం పొరపాటు పడ్డారో రాయించండి. ఆ రోజు చౌకులో నిలబడ్డవాళ్లలో చాలామంది ఇప్పుడు ముసలివాళ్లయ్యారు.

ఇట్లు,
నార్వేలో ఉంటున్న కొందరు తెలుగువాళ్లు