టొలీడో నుంచి నాన్నకి

టొలీడో, ఒహాయో
అక్టోబరు, ఆదివారం రాత్రి

నాన్నకి నమస్కారాలు.

ఇక్కడ అందరం కులాసా. ఆఫీసు ఎప్పటిలాగే ఉంది, చెప్పుకోడానికేం లేదు. మీ మోకాలు ఎలా ఉంది? బెల్టు తీసేసి పడుకోమని డాక్టరు చెప్పినా మీరు పెట్టుకునే పడుకుంటున్నారట, అమ్మ చెప్పింది. అలా చెయ్యకండి.

"బంగారం లాంటి కారుండగా ఆ పాత ఇనుము దేనికిరా" అని అమ్మ ఫోన్లో కోప్పడింది. ఇంకా ఏ పాత జీపూ కొనలేదని మీరే సర్దిచెప్పాలి. చూస్తున్నాను, అంతే. అదీ పనిగట్టుకుని పోవడం లేదు. పిల్లల్ని ఆపిల్ తోటకో, మార్బుల్‌హెడ్ లైట్‌హౌస్‌కో తీసుకెళ్ళే దారిలో ఏ పశువుల కొట్టం పక్కనో గడ్డిలో నిలబెట్టినవి కనిపిస్తుంటాయి. అమ్మేవాడితో ముందే మాట్లాడి పెట్టుకుంటే అరగంట పని. పిల్లల సరదా ముందు, జీపు తరవాత, అదీ చీకటి పడకుండా అని మీ కోడలి షరతు. ఛాసిస్, అదే బండి అడుగు చట్రం, కిందికి దూరాలంటే నాకూ వెలుతురే కావాలి.

మీరు నడిపిన మహీంద్రాకి తల్లి లాంటి విల్లీస్ కంపెనీ జీపు సిజె-3బి ఈ ఊళ్ళోనే పుట్టింది, 1953 నుంచి 1968 దాకా. మన బండికి బానెట్ ఎందుకంత ఎత్తని చిన్నప్పుడు అడిగితే "కొండెక్కడానికి" అనేవారు మీరు. అసలు సంగతేమిటంటే కొత్త ఎఫ్-హెడ్ ఇంజిన్‌లో గాలీ పెట్రోలూ లోపలికి వదిలే ఇన్‌టేక్ వాల్వులు పైన హెడ్డులోకి వచ్చాయి, ఇంజిన్ ఎత్తు పెరిగింది, దానికోసం బానెట్ లేపారు. పాత విల్లీస్ ఫ్యాక్టరీ స్థలంలో ఓవర్‌ల్యాండ్ అని అక్షరాలున్న పొగగొట్టం ఇంకా నిలబడి ఉంది. మీరొచ్చినప్పుడు చూపిస్తాను.

చిక్కేమిటంటే, పుట్టిన ఊరే దీన్ని కొనడానికి పనికిరాని ఊరు. చలికాలం మంచు కరగడానికి రోడ్లమీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్ళు, బురద కలిసి ఛాసిస్ మూలల్లో కూచుంటాయి. అందుకే నేను ఇంజిన్ జోలికి ముందు పోను. ఇంజిన్ చెడితే ఇంకోటి దొరుకుతుంది, ఛాసిస్ పోతే బండే లేదు. కమాను పట్టీలు ఛాసిస్‌కి తగిలించే వెనక షెకిల్ బ్రాకెట్లు, ముందు హ్యాంగర్లు, గేర్‌బాక్స్ కింద అడ్డదూలం (క్రాస్‌మెంబర్) అతికే చోటు, స్టీరింగ్ బాక్స్ బిగించిన చోట పగుళ్ళు, ఇవి ముందు చూస్తాను. చిన్న సుత్తితో కొట్టుకుంటూ పోతే మంచి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్న ఇనుము మొద్దుగా పలుకుతుంది. అనుమానం ఉన్నచోట స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడవడమే. అమ్మేవాడు పొడవద్దంటే బేరం అక్కడితో సరి. కింద కొత్తగా నల్లరంగు పూసి ఉంటే మరీ అనుమానించాలి.

తొట్టి, అదే పైన రేకు బాడీ, సంగతి వేరు. దాని కింద వంచిన రేకు బద్దీలున్నాయి కదా, పాత విల్లీసుల్లో వాటి లోపల ఫ్యాక్టరీలోనే చెక్క పెట్టారు. ఆ చెక్క నీళ్ళు తాగి ఏళ్ళతరబడి తడిగానే ఉంటుంది, నేల రేకు కింద నుంచి తినేస్తుంది. పైనుంచి చూస్తే రంగేసి ముచ్చటగా ఉంటుంది. డ్రైవర్ కాళ్ళ దగ్గర, సీటు కింద చాప ఎత్తి చూడాలి. పక్కల మీద ఫ్రిజ్ అయస్కాంతం ఆనిస్తే లప్పం ఎంత మందం పెట్టాడో తెలిసిపోతుంది, అంటుకోకుండా జారిందంటే అక్కడ రేకు లేనట్టే.

చిన్నదానికి పాలపళ్ళు రెండు ఊడాయి. మేడ మీదకి విసరాలని పట్టుబట్టింది, ఇక్కడ అందరివీ ఏటవాలు కప్పులు, జారి మళ్ళీ కిందికే వచ్చాయి.

ఇంజిన్ బిగుసుకుపోయిందంటే ధర బాగా దిగుతుంది, నాకు అది మంచిదే. ప్లగ్గులు నాలుగూ విప్పి, ఎసిటోన్, ఆటోమేటిక్ గేర్ల ఆయిలు సగం సగం కలిపి ఒక్కో సిలిండర్‌లో రెండు మూడు చెంచాలు పోసి నాలుగైదు రోజులు వదిలెయ్యాలి. తరవాత ముందునుంచి హ్యాండిల్ పెట్టి అటూ ఇటూ కొద్దికొద్దిగా కదపాలి. సెల్ఫ్ కొట్టినా, ఇంకో బండికి కట్టి లాగినా రింగులు విరుగుతాయి. తిరిగాక కంప్రెషన్, అంటే సిలిండర్‌లో ఒత్తిడి, చూడాలి. వాల్వులన్నీ పక్కన బ్లాకులోనే ఉండే పాత 134 ఘనపు అంగుళాల ఎల్-హెడ్ ఇంజిన్‌కి 100 పౌండ్ల పైన ఉండి, నాలుగింటికీ 10 లోపు తేడా అయితే చాలు. ఒక్కటి బాగా తక్కువుంటే ఎగ్జాస్ట్ వాల్వు సీటు నుంచి సిలిండర్‌లోకి బ్లాకు పగిలిందేమో చూడాలి, ఆ ఇంజిన్లకి అదే జబ్బు.

ఇంకోటి, మీకు నచ్చుతుంది. 3బి కంటే ముందు వచ్చిన సిజె-2ఎ, 3ఎ జీపులు ఆరు వోల్టులవి. అదే పనికి కరెంటు రెట్టింపు లాగుతుంది కాబట్టి బ్యాటరీ కేబుల్ లావుగా ఉండాలి. షాపులో దొరికే పన్నెండు వోల్టుల సన్న కేబుల్ వేసేసరికి సెల్ఫ్ నీరసంగా తిరుగుతుంది, ఇంజిన్ పోయిందనుకుని అమ్మేస్తుంటారు. అలాంటిది దొరికితే అదృష్టమే.

డబ్బు గురించి బెంగ వద్దు. మొత్తం ఆరు వేల డాలర్లు దాటను. బండికి అందులో సగం, మిగతా సగం బ్రేకులకి, టైర్లకి, వైరింగుకి, రేకు పనికి. బ్రేకులు మొదట. ఒకే సర్క్యూట్, బ్రేకు నూనె తోసే మాస్టర్ సిలిండర్ నేల కింద, అది కారిందంటే నాలుగు చక్రాల బ్రేకులూ ఒకేసారి పోతాయి. మాస్టరు, వీల్ సిలిండర్లు, గొట్టాలు మొత్తం కొత్తవి వేసేదాకా వీధిలోకి తియ్యను. గరాజు తలుపు మూసి ఇంజిన్ స్టార్ట్ చెయ్యను. పిల్లల్ని అందులో ఎక్కించను, వాళ్ళకి కారుంది. ఈ మూడూ అమ్మకి చదివి వినిపించండి.

కాగితాల్లేని బండి ఎంత చవకైనా వద్దనుకున్నాను. ఇక్కడ టైటిల్ అంటే మన ఆర్‌సి లాంటిది. ఒహాయోలో అమ్మేవాడు నోటరీ ముందు సంతకం పెట్టాలి, ముందే సంతకం చేసి ఉంచానంటే తీసుకోకూడదు. పక్కనే ఉన్న మిషిగన్ నుంచి తెస్తే బండి నంబరు తనిఖీ కూడా చేయించాలి. పాత టైటిళ్ళలో ఒక్కోసారి ఇంజిన్ నంబరే రాసేవారు. ఆ ఇంజిన్ మార్చేసి ఉంటే కాగితానికి, బండికి పొంతన ఉండదు. అందుకని డబ్బిచ్చే ముందే ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ సీట్లకీ మధ్య రేకు గోడ) మీద నంబరు ప్లేటు, ఛాసిస్ మీద ప్లేటు, టైటిల్ మూడూ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి.

తమ్ముడు విజయవాడ ఆటోనగర్‌లో తొట్టి చూశానన్నాడు. కొనొద్దనండి. స్టీరింగ్, పెడల్ రంధ్రాలన్నీ కుడివైపు ఉంటాయి, ఓడ ఖర్చు తొట్టికంటే ఎక్కువవుతుంది. దాని బదులు మన షెడ్డులో బండి విండ్‌షీల్డ్ ఫ్రేము వెడల్పు, కింది కీళ్ళ మధ్య దూరం కొలిచి పంపమనండి. టేపు ఆనించి ఫొటో తియ్యాలి, కాగితం మీద రాస్తే వాడి అంకెలు నాకర్థం కావు.

రెండో గేరు జారిపోయే గేర్‌బాక్స్‌కి మీరూ మేస్త్రీ ఏం చేసేవారు? గేరు మెత్తగా పడనిచ్చే సింక్రో రింగు మార్చేవారా, సందు సర్దే పల్చని షిమ్ములు వేసేవారా? చూసిపెట్టుకున్న 3బికి అదొక్కటే ఇబ్బంది. జవాబు ఈ వారంలో కావాలి, అమ్మేవాడు శనివారం దాకానే ఆగుతానన్నాడు. కొలతల ఫొటోలతోపాటు అమ్మ షుగర్ రిపోర్టు కూడా పంపించండి.

మీ
పెద్దోడు