నాయనకు, తాత తుపాకీ సంగతి

లాంకాస్టర్, పెన్సిల్వేనియా
13 జనవరి 2025, భోగి

నాయనకు, అమ్మకు నమస్కారాలు.

రోజూ ఫోన్లో మాట్లాడుకుంటూ ఈ ఉత్తరం ఏందిరా అనుకోవద్దు. ఫోన్ చేస్తే నువ్వు స్పీకర్ పెడతావు, అమ్మ సగంలో అందుకుంటుంది, నేను చెప్పాలనుకున్నది నా దగ్గరే ఉండిపోతుంది. కావలి అబ్బాయి ఎల్లుండి బయలుదేరుతున్నాడు, అతని చేతికిస్తున్నా.

ఉద్యోగం బాగానే ఉంది. హెచ్‌1బీ లాటరీలో మార్చిలో పేరు వేస్తారు. అప్పటిదాకా దాని మాట ఎత్తొద్దు, నాకు టెన్షన్.

మొన్న నువ్వు తాత తుపాకీని సరెండర్ చేసేస్తానంటే ఊ కొట్టి ఊరుకున్నా. "ఎలక్షన్లకి స్టేషన్లో పెట్టమన్నారు, మూడు నెలల్లో తుప్పు పట్టించి ఇచ్చారు" అన్నావు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు సరిగా నిద్ర లేదు. ఎందుకో చెబుతా, ముందు ఇక్కడి సంగతి విను.

మా ఎదురింట్లో ఒక ముసలాయన ఉన్నాడు, డెబ్బై దాటినాయి. వాకిట్లో మంచు ఎత్తిపెట్టానని కాఫీకి పిలిచాడు. పోయి చూద్దును గదా, వంటింటి బల్ల మీద బారెడు పైన తుపాకీ, పక్కన బకెట్లో వేణ్ణీళ్ళు, పాత బనీన్లు చింపిన గుడ్డముక్కలు. తాత అరుగు మీద పెట్టుకునే సరంజామా మొత్తం అక్కడుంది, తాత తప్ప.

ఆయనది చెకుముకి తుపాకీ. మనదాని మాదిరి టోపీ, అంటే గుర్రం దెబ్బకు నిప్పు పుట్టించే చిన్న మూత, పెట్టేది కాదు. గుర్రం, అంటే మీట నొక్కితే పడే కొక్కెం, దాని నోట్లో రాయి ఉంటుంది, అది ఉక్కుపలకను గీరితే రవ్వలు రంజకం మీద, అంటే బయట పోసే చిటికెడు మందు మీద పడాలి. ఇక్కడ క్రిస్మస్ మర్నాటి నుంచి జింకల వేటకు ఒక సీజన్ ఉంది, దాంట్లో ఈ చెకుముకి తుపాకీలే వాడాలి. 1700ల నాళ్ళలో జర్మనీ నుంచి వచ్చినవాళ్ళు ఈ లాంకాస్టర్ చుట్టుపక్కల ఇట్టాంటి పొడుగు గొట్టాలవి చేసేవాళ్ళట. ఆయన అది చెప్పేటప్పుడు మన ఉదయగిరి వాళ్ళు కోట గురించి చెప్పినట్టు చెబుతాడు, ఆపడు.

అమ్మకు చెప్పు, నేను పేల్చలేదు, పేల్చను. వేటకు రమ్మన్నా పోలేదు. టీవీలో చూసి భయపడే తుపాకులు వేరు, ఇది వేరు. దీన్ని ఒకసారి పేల్చి మళ్ళీ మందు కూరేలోగా జింక పక్క ఊరికి పోతుంది. ఆయనకు వేళ్ళు సరిగా వంగవు, తిరిగొచ్చాక కడగడంలో సాయం చేస్తా, అంతే. దానికి కూడా వద్దంటే ఏం చెప్పను?

గొట్టంలో నీళ్ళు పోసి గుడ్డ చుట్టిన చువ్వను నాలుగుసార్లు ఆడించామో లేదో, నల్లటి నీళ్ళు, కుళ్ళిన కోడిగుడ్డు కంపు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగినాయి నాయనా. అవ్వ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "ఆ పాడుదాన్ని దొడ్లోకి తీసకపో" అని తాత మీద అరిచేది గదా, అదే కంపు. ఆయన నావైపు చూసి కిటికీ తీశాడు. వద్దని నేనే మూసేశా.

తాత కిరసనాయిలు దగ్గరికి రానిచ్చేవాడు కాదు, గుర్తుందా? ఎందుకని మనమెప్పుడూ అడగలేదు. ఇప్పుడు తెలిసింది. ఈ నల్ల తుపాకిమందులో సూరేకారం 75 పాళ్ళు, బొగ్గు 15, గంధకం 10. పేలినాక అందులో సగానికి పైన గాలిగా మారదు. కొంత తెల్లపొగతో పోతుంది, మిగతాది గొట్టానికి అంటుకుంటుంది. ఆ మసిలో ఉండేవి ఎక్కువగా ఉప్పులే. నీళ్ళకు కరుగుతాయి, కిరసనాయిలుకు కరగవు. పైగా గాల్లో తేమను పీల్చుకుంటాయి, వానాకాలంలో ఉప్పు జాడీ చెమర్చినట్టు. ఇంజనాయిల్ లాంటిది తగిలితే మసి తారు మాదిరి గట్టిపడుతుంది. తాత కుంకుడు రసం కలిపిన నీళ్ళు పోసేవాడు, ఈయన గిన్నెల సబ్బు వేస్తాడు. తాతది కొబ్బరినూనె, ఈయనది గొర్రెకొవ్వు, తేనెమైనం కలిపిన ముద్ద. ఒక్కచోట మాత్రం తాత ఓడిపోయాడు. తాత మరిగే నీళ్ళు పోసేవాడా, ఈయన గోరువెచ్చనివే పోస్తాడు. మరీ మరిగినవి పోస్తే తుడిచేలోపే లోపల ఎర్రగా తుప్పు లేస్తుందట.

ఇక అసలు సంగతి. 2015 నవంబరు వానలు. కోతకొచ్చిన శనక్కాయ చేలో పందులు పడితే తాత రాత్రి ఉత్తమందు రెండుసార్లు పేల్చి తరిమాడు. తెల్లారేసరికి జ్వరం. "నువ్వు కడుగు రా" అని నాకిచ్చాడు. నేను కుంకుళ్ళు నానెయ్యలేదు, నీళ్ళు కాచలేదు. పైన కిరసనాయిలు గుడ్డతో తుడిచి, మెరిసేదాకా రుద్ది, కడిగానని చెప్పా. ఆ ముసురు మూడు రోజులు విడవలేదు. నాలుగో రోజు తాత లేచి గొట్టంలోకి తెల్లగుడ్డ దించి తీశాడు, ఇటుకపొడి రంగులో వచ్చింది. తిట్టలేదు. గుడ్డ నా చేతిలో పెట్టి, మళ్ళీ పడుకున్నాడు. అడుగున, టోపీ పెట్టే ముక్కు దగ్గర తినేసింది అప్పుడే. స్టేషన్ వాళ్ళు మూడు నెలలు తుడవకుండా ఉంచి ఉండొచ్చు, కాదనను. కానీ ఆ గుంటలు నావి.

తాత నీకెప్పుడూ చెప్పినట్టు లేదు.

సరెండర్ మాట ఉగాది దాకా ఆపు. అటక మీద నుంచి దించేటప్పుడు గొట్టం ఎవరివైపూ పెట్టొద్దు, నీ మొహం వైపు అసలే వద్దు. ముందు లోపల మందు ఉందో లేదో చూడు. చువ్వ మీద తాత కత్తితో గీసిన గాట్లు రెండున్నాయి. చువ్వ అడుగుదాకా వదిలితే కింది గాటు గొట్టం మూతి దగ్గర తేలితే మందు ఉన్నట్టు, పైది తేలితే ఖాళీ. మందు ఉందనిపిస్తే పీకొద్దు, పొడవొద్దు, నెల్లూరులో లైసెన్సున్న తుపాకుల రిపేరాయన్ని పిలిపించు. ఖాళీ అయితే కుందా, అదే వెనక కర్రభాగం, తడవకుండా కడిగి, ఆరేదాకా పొడిగుడ్డలు దించి, నూనె పల్చగా రాసి, మూతి కిందికి పెట్టి నిలబెట్టు. లేకపోతే నూనె అంతా అడుక్కు చేరుతుంది. మర్నాడు ఇంకో గుడ్డ దించు. కడిగిన రోజు తెల్లగా వచ్చి మర్నాడు ఎర్రగా రావడం మామూలే, ఈయన అందుకే మూడు రోజులు వరసగా చూస్తాడు. ఏం చేసినా దాన్ని పేల్చొద్దు, ఆ గుంటలతో గొట్టాన్ని నమ్మలేం.

మర్నాటి గుడ్డ ఏ రంగులో వచ్చిందో చెల్లి చేత ఫోటో తీయించి పంపు.

కావలి అబ్బాయి తిరిగొచ్చేటప్పుడు అమ్మను కారప్పొడి ఇచ్చి పంపమను. పోయినసారి పంపిన మామిడికాయ ఊరగాయ డబ్బా మూత ఊడి కోటుకంతా నూనె పట్టింది. ఇంకా పోలేదు.

మీ
పెద్దోడు