ఆదివారం బీచ్ నడక

క్యాన్సర్ చికిత్స అయినవాళ్లు, ఇంకా నడుస్తున్నవాళ్లు ఉన్న మన గ్రూపులో అందరికీ నమస్కారం. ఈ ఆదివారం పొద్దున్న 6 గంటలకు ఆర్‌కే బీచ్‌లో కాళీమాత గుడి దగ్గర కలుద్దాం. ఎంత దూరం నడవాలో అన్న టెన్షన్ వద్దు. వారానికి 150 నిమిషాలు మంచిదని డాక్టర్లు చెబుతారు కానీ, పది నిమిషాలతో మొదలుపెట్టినా చాలు. చికిత్స అయిపోయాక కూడా నీరసం నెలల తరబడి ఉండొచ్చు. అది బద్ధకం కాదని ఇంట్లోవాళ్లకి గట్టిగా చెప్పండి.

రొమ్ము ఆపరేషన్ అయిన అక్కలూ, ఆ వైపు చేయి బరువుగా అనిపించినా, వాచినా వెంటనే డాక్టర్‌కి చూపించండి, దయచేసి ఓర్చుకోవద్దు.

నడక అయ్యాక చోడి (రాగి) అంబలి నేను తెస్తాను. కీమో నడుస్తున్నవాళ్లు బండి మీద కోసిపెట్టిన పండ్లు మాత్రం తినొద్దు.

అగనంపూడి క్యాన్సర్ ఆసుపత్రిలో చెకప్ ఉన్నవాళ్లు తేదీ ఇక్కడ పెట్టండి. ఒంటరిగా వెళ్లకండి, మనలో ఒకరు తోడొస్తారు.